సోలార్ ఇంటి మీటర్: అనుమానం ఊళ్లోనే తీరాలి

పంట అమ్ముకునే రైతు కన్ను ఎప్పుడూ కాంటా మీదే ఉంటుంది. బస్తా ఎక్కించే ముందు కాంటా సున్నా చూపిస్తోందో లేదో చూసుకుంటాడు. అనుమానం వస్తే మళ్లీ తూకం వేయమంటాడు. ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్న కుటుంబం కూడా ఇప్పుడు అమ్మకందారే. పగలు తమ వాడకం పోగా మిగిలిన కరెంటును స్తంభం మీది తీగలోకి పంపుతుంది, రాత్రి అదే తీగ నుంచి తెచ్చుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికంతటికీ ఉన్న కాంటా ఒక్కటే, గోడకు బిగించిన నెట్ మీటర్. దానికి సీలు వేసేది విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం), రీడింగ్ తీసేది డిస్కం, బిల్లు కొట్టేదీ డిస్కమే. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు మళ్లీ తూకం వేయించుకునే హక్కు ఆ కుటుంబానికి కాగితం మీదే కాక చేతికందేలా కూడా ఉండాలి. వనపర్తి జిల్లా ఆత్మకూర్‌లో వచ్చిన అనుమానం ఆత్మకూర్‌లోనే తీరాలి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, పాలమూరు పల్లెల పైకప్పుల మీదికి ప్యానెళ్లు వేగంగా ఎక్కుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. దాని మొత్తం కేటాయింపు రూ.75,021 కోట్లు. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడు కిలోవాట్లు, అంతకు మించితే మొత్తం రూ.78,000 సబ్సిడీ వస్తుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లి 2025లో పూర్తి సోలార్ గ్రామంగా పేరు తెచ్చుకుంది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు అది. అధికారిక లెక్క ప్రకారం 480 ఇళ్లకు ఒక్కోదానికి 3 కిలోవాట్ల చొప్పున, 11 ప్రభుత్వ భవనాలకు కలిపి 60 కిలోవాట్లు, మొత్తం 1,500 కిలోవాట్ల ప్యానెళ్లు బిగించారు. ఖర్చు రూ.10.53 కోట్లు. ఒక్క ఊళ్లోనే 480 ఇళ్లు రాత్రి కొనుగోలుదారులు, పగలు అమ్మకందారులు అయ్యాయి.

ఆత్మకూర్‌కు కరెంటు ఉత్పత్తి కొత్త సంగతి కాదు. పక్కనే కృష్ణ మీద 234 మెగావాట్ల జూరాల జలవిద్యుత్ కేంద్రం ఉంది. 240 మెగావాట్ల దిగువ జూరాల కేంద్రం ఆత్మకూర్ మండలం మూలమళ్ల దగ్గరే ఉంది. అక్కడ పుట్టే ప్రతి యూనిట్‌ను ఖచ్చితమైన మీటర్లతో కొలుస్తారు, తేడా వస్తే ఇంజినీర్లు కూర్చుని తేల్చుకుంటారు. మూడు కిలోవాట్ల ఇంటికి ఇంజినీరు ఉండడు. అందుకే లెక్క ఆ ఇంటివాళ్లకే తెలిసి ఉండాలి, పరీక్ష సులువుగా దొరకాలి.

సోలార్ ఇళ్లలో వినపడే ఫిర్యాదు దాదాపు ఒకటే: “ప్యానెళ్లు పెట్టినా బిల్లు తగ్గలేదు, మీటర్ గిర్రున తిరుగుతోంది.” ఇందులో తప్పు నిజంగా మీటర్‌దే కావచ్చు. వైరింగ్‌ది కావచ్చు, రీడింగ్ తీసిన తీరుది కావచ్చు, ప్యానెళ్లది కావచ్చు. ఇంకొన్నిసార్లు తప్పు ఎక్కడా ఉండదు, లెక్క అర్థం కాకపోవడమే ఉంటుంది. ఇవన్నీ కలగాపులగం అయినప్పుడు డిస్కం సిబ్బంది ‘మీటర్ బాగానే ఉంది’ అని వెళ్లిపోతారు, ఇంటివాళ్లు ‘మోసం జరిగింది’ అని ఉండిపోతారు. విడదీసి చూడగలిగితే ఇద్దరికీ మేలు.

ముందు లెక్క. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకు నెలకు సుమారు 360 యూనిట్లు ఇస్తాయి. సోలార్ ఇన్వర్టర్ తెర మీద, ఫోన్ యాప్‌లో కనిపించేది ఈ అంకె. నెట్ మీటర్‌లో మాత్రం 360 ఎక్కడా కనపడదు. పగలు ప్యానెళ్ల కరెంటుతో నడిచిన ఫ్యాను, ఫ్రిజ్, మోటారు వాడుకున్న యూనిట్లు మీటర్ దాకా రానే రావు. మిగిలిందే మీటర్ దాటి బయటికి పోతుంది, అది ఎక్స్‌పోర్ట్. రాత్రి బయటి నుంచి వచ్చేది ఇంపోర్ట్. ఒక ఇంట్లో నెలకు ఉత్పత్తి 360, ఎక్స్‌పోర్ట్ 210, ఇంపోర్ట్ 190 అనుకుందాం. ఆ ఇల్లు నిజంగా వాడింది 360లోంచి 210 తీసేసి 190 కలిపితే వచ్చే 340 యూనిట్లు. బిల్లుకు వచ్చేది మాత్రం 190కి, 210కి మధ్య తేడా. అంటే ఆ నెల యూనిట్ల చార్జీ ఏమీ లేకపోగా 20 యూనిట్లు ఖాతాలో మిగలాలి. “యాప్‌లో 360 చూపిస్తుంటే మీటర్‌లో 210 ఏమిటి?” అన్న అనుమానం ఈ లెక్కతోనే తీరిపోతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే అసలు తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది పాత మీటర్ తీయకముందే సోలార్ ఆన్ చేయడం. తీగలు తిరగేసి బిగించి కరెంటు దొంగిలించేవాళ్లను అడ్డుకోవడానికి, కరెంటు ఏ దిక్కుకు పారినా యూనిట్లు ముందుకే పడేలా చాలా ఎలక్ట్రానిక్ మీటర్లను తయారుచేశారు. అలాంటి మీటర్ ఉన్న ఇంట్లో సోలార్ ఆన్ చేస్తే బయటికి పంపిన యూనిట్లు కూడా వాడినట్టే లెక్కపడతాయి. పైన చెప్పిన ఇంటికే ఇది జరిగితే ఇంపోర్ట్ 190, ఎక్స్‌పోర్ట్ 210 కలిసి 400 యూనిట్ల బిల్లు వస్తుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌లో నెల వాడకం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు రూ.5.10, తర్వాతి వందకు రూ.7.70, ఆ తర్వాతి వందకు రూ.9. ఆ లెక్కన యూనిట్ల చార్జీయే రూ.2,690. సున్నా రావాల్సిన చోట ఇంత మొత్తం! కాంట్రాక్టర్ ‘ఎండ వృథా ఎందుకు, ఆన్ చేసుకోండి’ అన్న మాట విని నెట్ మీటర్ రాకముందే స్విచ్చి వేసిన ఇంటికి పడే దెబ్బ ఇది.

నెట్ మీటర్ బిగించాక కూడా తప్పులు దొర్లుతాయి. రీడింగ్ తీసేటప్పుడు ఇంపోర్ట్ అంకె మాత్రమే ఎక్కి, ఎక్స్‌పోర్ట్ ఎక్కకపోవచ్చు. వచ్చే తీగ, పోయే తీగ తారుమారై ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ఒకదాని స్థానంలో ఒకటి పడవచ్చు. సోలార్ ఇన్వర్టర్ తీగను మీటర్‌కు ఇంటివైపు కాకుండా స్తంభం వైపు కలిపేస్తే పగలంతా పుట్టిన కరెంటు ఏ లెక్కా లేకుండా ఊరి తీగలో కలిసిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోర్ట్ సున్నాగానే ఉంటుంది, బిల్లు పాత రోజుల్లాగే వస్తుంది. వీటిలో ఏదీ మీటర్ లోపం కాదు. అయినా మూల్యం చెల్లించేది ఇంటివాళ్లే.

వీటిని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. సీలు ముట్టకుండా, మూత విప్పకుండా, ఉన్న స్విచ్చులతోనే మూడు పరీక్షలు చేయొచ్చు.

మొదటిది, సోలార్ ఇన్వర్టర్‌ను దాని స్విచ్చితో ఆపి, ఇంటి మెయిన్ కూడా ఆపేయాలి. మీటర్ మీద మిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఆగిపోవాలి. ఆగకపోతే మీటర్‌నో, దాని దగ్గరి వైరింగ్‌నో అనుమానించాలి. మెయిన్ వేసి, లోపలి స్విచ్చులన్నీ ఆపినా లైటు మిణుకుతుంటే ఇంట్లో ఎక్కడో కరెంటు పోతోందని అర్థం. తడిసిన గోడలోని పాత వైరు కావచ్చు, బోరు మోటారు స్టార్టర్ కావచ్చు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చార్జింగ్ లాగే బ్యాటరీ ఇన్వర్టర్ కావచ్చు.

రెండోది, సోలార్ ఆపే ఉంచి, మిగతావన్నీ కట్టేసి, బకెట్ నీళ్లలో 1,000 వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే పెట్టాలి. నీళ్లలో ముంచాకే స్విచ్చి వేయాలి, స్విచ్చి ఆపాకే బకెట్ ముట్టుకోవాలి. మీటర్ ముఖం మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3,200 అని ఉంటే నిమిషానికి సుమారు 53 మిణుకులు రావాలి. ఫోన్‌లో వీడియో తీస్తే తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు, రేపు చూపించడానికి ఆధారమూ అవుతుంది. ఇక్కడో మెలిక ఉంది. రాడ్ మీద రాసిన వాట్లు 230 వోల్టుల దగ్గరి లెక్క. లైన్ చివరి ఇంట్లో వోల్టేజీ 200కు పడిపోతే అదే రాడ్ 756 వాట్లే తీసుకుంటుంది, మిణుకులు నిమిషానికి 40కి తగ్గుతాయి. కాబట్టి మీటర్ తెర మీద వోల్టేజీ కూడా చూసుకోవాలి. ఇంటి మీటర్లకు ఉండాల్సిన ఖచ్చితత్వం క్లాస్ 1, అంటే పొరపాటు దాదాపు ఒక శాతం లోపే ఉండాలి. రాడ్ పరీక్ష అంత సూక్ష్మమైన తేడాను పట్టదు. 53 రావాల్సిన చోట 70 వస్తే మాత్రం ఇట్టే చెబుతుంది.

మూడోది సోలార్ ఇళ్లకే ప్రత్యేకం. మిట్టమధ్యాహ్నం మంచి ఎండలో సోలార్ ఆన్ చేసి, ఇంట్లో మిగతావన్నీ ఆపేయాలి. ఇన్వర్టర్ తెర మీద 2 కిలోవాట్లు కనిపిస్తే అరగంటలో ఎక్స్‌పోర్ట్ అంకె ఒక యూనిట్ పెరగాలి, ఇంపోర్ట్ కదలకూడదు. ఇంపోర్ట్ పెరిగితే మీటర్ పాతదైనా అయి ఉండాలి, తీగలు తారుమారైనా అయి ఉండాలి. రెండూ కదలకపోతే కనెక్షన్ మీటర్‌కు అవతలివైపు పడిందేమో చూడమనాలి. ఈ ఒక్క పరీక్షతో చాలా గొడవలు తేలిపోతాయి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. మెయిన్ ఆపినా, డిస్కం లైన్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి దిగే తీగల్లో ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. ఆ తీగలు, మీటర్ టెర్మినళ్లు శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. సీలు పగలగొడితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 135 కింద దొంగతనం కేసు మెడకు చుట్టుకోవచ్చు. అప్పుడు న్యాయమైన ఫిర్యాదు కూడా నీరుగారిపోతుంది.

రెండు మూడు పోర్షన్లున్న పాత ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది. పక్క పోర్షన్ న్యూట్రల్ తీగను ఈ ఇంటి న్యూట్రల్‌తో కలిపేస్తారు. మన మీటర్లు చాలావరకు ఫేజ్‌లో, న్యూట్రల్‌లో పారే కరెంటును రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. ఇది కూడా దొంగతనానికి వేసిన అడ్డుకట్టే. న్యూట్రల్ కలిసిపోతే పక్కింటి ఫ్యాను తిరిగినా ఈ ఇంటి మీటర్ మీద పడుతుంది. ఈ ఇంట్లో అన్నీ ఆపి, పక్క పోర్షన్‌లో పెద్ద లోడ్ వేసి, ఇక్కడి మిణుకు చూస్తే తెలిసిపోతుంది.

కొన్ని ఇళ్లలో మీటర్ నిక్షేపంగా ఉంటుంది, తగ్గేది ఉత్పత్తి. కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. మధ్యాహ్నం రెండు గంటలు కోత పడితే ఆ రెండు గంటల ఎండా పోయినట్టే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద చాలా ఇళ్లు ఒకేసారి కరెంటు పంపితే వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్లు పదేపదే ఆగుతాయి. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి ఎండ ఎక్కువున్న నెలలోనే పది శాతానికి పైగా కోత పడుతుంది. వరి కోతల కాలంలో దుమ్ము, పొట్టు పేరుకుంటే అదీ తోడవుతుంది. ఇన్వర్టర్‌లో రోజువారీ అంకె ఒక నోటుబుక్కులో రాసుకుంటే తేడా ఏ రోజు నుంచి మొదలైందో తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే? అప్పుడు మీటర్‌ను అనుమానించడం న్యాయమే. ఎలక్ట్రానిక్ మీటర్లు తప్పు చేయవన్న ధీమాకు ఆధారం లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది రకాల మీటర్లను పరీక్షిస్తే, వెలుతురు తగ్గించే స్విచ్చితో వాడిన ఎల్ఈడీ, పొదుపు బల్బుల లాంటి లోడ్ల మీద అయిదు మీటర్లు అసలు వాడకం కన్నా చాలా ఎక్కువ చూపించాయి. వాటిలో ఒకటి 582 శాతం దాకా వెళ్లింది. ప్రయోగశాలలో కావాలని కల్పించిన కఠిన పరిస్థితులవి, ప్రతి ఇంట్లో అలా జరుగుతుందని కాదు. కానీ మీటర్‌ను పరీక్షించమని అడిగేవాళ్లను తెలివితక్కువవాళ్లుగా చూడకూడదని ఆ ఫలితాలు గట్టిగానే చెబుతున్నాయి.

చట్టం వినియోగదారుల పక్షానే ఉంది. కేంద్రం 2020లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వాటిని సవరిస్తూ, రీడింగ్ అసలు వాడకంతో పొసగడం లేదని ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో అదనపు మీటర్ బిగించి, కనీసం మూడు నెలలు వాడకాన్ని సరిచూడాలని చెప్పింది. ఇది నేరుగా ‘మళ్లీ తూకం’ హక్కే. ఇళ్ల మీది సోలార్ అయిదు కిలోవాట్ల వరకు ఉంటే దాని కోసం లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బలపరిచే ఖర్చు డిస్కందేనని కూడా ఆ సవరణలోనే ఉంది. ఫిర్యాదు 1912కు చెప్పొచ్చు, సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈకి) రాసివ్వొచ్చు. నోటిమాట కన్నా కాగితం మేలు, దాని మీద తేదీ, రసీదు నంబర్ ఉంటే ఇంకా మేలు. పని జరగకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి, అక్కడా న్యాయం కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే దారిని 2003 చట్టంలోని సెక్షన్ 42 ఇచ్చింది.

హక్కు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు లోటు ఎక్కడుంది? ఆత్మకూర్‌లో ఒక నేత కార్మికుడి కుటుంబం, ఒక రిటైర్డ్ టీచరు ఈ అయిదు రోజుల నిబంధన గురించి వినే అవకాశం తక్కువ. విన్నా, అంబుడ్స్‌మన్ దాకా వెళ్లి రావాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి. రెండు వందల యూనిట్ల తేడా కోసం ఎవరూ అంత దూరం పోరు. నెలనెలా కట్టేసి ఊరుకుంటారు. అంతకన్నా నష్టం ఏమిటంటే, ‘సోలార్ పెట్టినా లాభం లేదట’ అన్న మాట వీధి వీధికీ పాకుతుంది. సబ్సిడీ పోను మిగిలింది బ్యాంకు అప్పు చేసి పెట్టుకున్న కుటుంబానికి ప్రతి తప్పు బిల్లూ కంతు మీద కంతు అవుతుంది.

అందుకే దక్షిణ తెలంగాణ డిస్కం చేయాల్సిన పనులు నాలుగున్నాయి. మొదటిది, నెట్ మీటర్ బిగించిన రోజే ఇంటివాళ్ల ఎదుట మధ్యాహ్నపు ఎక్స్‌పోర్ట్ పరీక్ష చేసి, పాత మీటర్ చివరి రీడింగ్‌తో సహా కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఇది పావుగంట, అరగంట పని, ఏళ్ల తరబడి వచ్చే తగాదాలను ఆపుతుంది. రెండోది, బిల్లు మీద ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్‌ల పాత, కొత్త రీడింగులు, ఖాతాలో మిగిలిన యూనిట్లు, ఆరు నెలలకోసారి లెక్క తేల్చినప్పుడు జమైన సొమ్ము తెలుగులో విడివిడిగా కనిపించాలి. మూడోది, అయిదు రోజుల అదనపు మీటర్ నిబంధనను ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద తెలుగులో రాయించాలి, సబ్‌డివిజన్‌కు ఒకటైనా చేతిలో పట్టుకెళ్లే రిఫరెన్స్ మీటర్ ఉంచి పరీక్ష ఇంటి దగ్గరే జరపాలి. నాలుగోది, సోలార్ ఇళ్లు ఎక్కువైన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మధ్యాహ్నం వోల్టేజీని నమోదు చేసి, ఇన్వర్టర్లు ఆగిపోతున్న చోట సరిచేయాలి. కొండారెడ్డిపల్లిలో ఊరంతటికీ ఒకేసారి ఏర్పాట్లు చేయగలిగిన సంస్థకు ఇవి పెద్ద పనులేమీ కావు.

సోలార్ పెట్టుకున్న ఇళ్లూ ఒకరికొకరు తోడు కావాలి. ఒకే వీధిలో ఒకే సైజు ప్యానెళ్లున్న నాలుగిళ్లు నెలాఖరున ఉత్పత్తి, ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అంకెలు పక్కపక్కన రాసుకుంటే తేడా ఉన్న ఇల్లు ఇట్టే తెలుస్తుంది, ఒంటరి ఫిర్యాదుకు నాలుగిళ్ల సాక్ష్యం బలమవుతుంది. చార్జీల ప్రతిపాదనల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపినప్పుడు ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపొచ్చు, వాటికి డిస్కం జవాబు చెప్పాల్సి ఉంటుంది. వచ్చే విచారణకు పైన చెప్పిన నాలుగు డిమాండ్లు, వాటికి ఆధారంగా ఇంటింటి రీడింగుల పట్టికలు ఆత్మకూర్ నుంచి, వనపర్తి నుంచి, వంగూరు నుంచి ఒకే ఫైలుగా వెళ్లాలి.